పాట ఎందులో పదిలం?

గ్రామఫోను ప్లేటు, కాసెట్టు టేపు, డిజిటల్ అంకెలు: ఒక పరిశీలన

ఉగాదికో, సంక్రాంతికో హాలిఫాక్స్‌లోని తెలుగువారు నలుగురు ఒకచోట చేరి, భోజనాలు ముగిసి, సంభాషణ సంగీతం మీదికి మళ్ళినప్పుడు ఒక వాదం తప్పక తలయెత్తుతుంది. ఘంటసాల గొంతు వినవలెనంటే ఎల్.పి. రికార్డు మీదనే వినవలెననీ, ఆ నిండుదనం మరెందులోనూ రాదనీ పెద్దవారొకరు అంటారు. "ఆ గరగర ఎందుకు బాబాయిగారూ, ఫోనులో పెడతాను వినండి" అని ఒక యువకుడు లేస్తాడు. నడివయస్సువారు మాత్రం ఏమీ అనక, బేస్‌మెంటులో అట్టపెట్టెలో పడియున్న కాసెట్టులను తలచుకొంటారు.

ఈ వాదంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నవి. ధ్వనిని ఉన్నదున్నట్లు వినిపించే సాధనం ఏది అన్నది మొదటిది. దానిని ఎక్కువకాలం కాపాడే సాధనం ఏది అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు శాస్త్రం చాలావరకు సమాధానం చెప్పినది. రెండవదానికి సమాధానం సాధనంలో కొంత, మన చేతులలో కొంత ఉన్నది.

నా మటుకు ఇది కేవలం శాస్త్రచర్చ కాదు. 1986లో మా అమ్మ ఉత్తరానికి బదులుగా ఒక కాసెట్టు నింపి పంపినది. అందులో ఊరి కబుర్లు, శ్రుతిపెట్టె పెట్టుకొని పాడిన రెండు కీర్తనలు ఉన్నవి. రెండవ కీర్తన చివరికి వచ్చేసరికి ఆమె గొంతు సన్నబడి, పాట వడి హెచ్చుతుంది. ఏదో తొందరలో పాడినదని చాలాకాలం అనుకొన్నాను. ఆమె గొంతు నాకు మిగిలినది ఆ ఒక్క కాసెట్టులోనే.

ధ్వనిని వ్రాయుట అనగా

ధ్వని అనగా గాలి పీడనంలో కలిగే హెచ్చుతగ్గుల అలలు. సెకనుకు ఎన్ని అలలు వచ్చినవో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దానిని హెర్ట్‌జులలో కొలుస్తారు. మానవుని చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్‌జుల వరకు వినగలదు. వయస్సు పెరిగినకొద్దీ పై హద్దు తగ్గుతూ వస్తుంది.

ఒక సాధనం నాణ్యతను మూడు గుణాలతో అంచనా వేయవచ్చును. మొదటిది, మంద్రం నుండి తారం వరకు అన్ని పౌనఃపున్యాలనూ సమంగా పట్టగల శక్తి. రెండవది, ఆ సాధనం స్వయంగా చేసే రొదకూ, అది భరించగల అత్యధిక ధ్వనికీ మధ్యనున్న ఎడం. దీనిని డెసిబెల్‌లలో చెప్తారు. 20 డెసిబెల్‌లు పెరిగినప్పుడెల్లా అల ఎత్తు 10 రెట్లవుతుంది. మూడవది వేగస్థైర్యం. ప్లేటు గాని టేపు గాని ఒకే వేగంతో నడవనిచో శ్రుతి ఊగుతుంది. దీనిని పట్టుకొనుటకు తంబురాను మించిన పరీక్ష లేదు. తంబురా నాదం నిలకడగా ఉండవలసినది. అది ఊగినదంటే దోషం యంత్రానిదే.

గ్రామఫోను ప్లేటు

పాత 78 వేగపు ప్లేట్లను లక్కతో చేసేవారు. ఆ లక్కలో అధికభాగం మన దేశం నుండి ఎగుమతి అయినదే. పది అంగుళాల ప్లేటు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషాలు పాడేది. ఆలాపన, పల్లవి, చరణాలు అన్నీ ఆ మూడు నిమిషాలలో ఇమడవలసి వచ్చేది. లక్కలో కలిపిన రాతిపొడి వలన ముల్లు క్రింద ఎడతెగని గరగర వినిపించేది.

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ వినైల్ ప్లాస్టిక్‌తో చేసిన ఎల్.పి.ని ప్రవేశపెట్టినది. నిమిషానికి ముప్పది మూడుంపాతిక చుట్లకు కొంచెం హెచ్చుగా, సరిగా చెప్పాలంటే 100 చుట్లు మూడు నిమిషాలలో తిరిగే ఈ ప్లేటు, ఒక ప్రక్కన ఇరవై నిమిషాలకు పైగా పాడగలిగినది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతమూ, ఘంటసాల 1974లో మరణించుటకు కొద్దికాలం ముందు పాడిన భగవద్గీతా తెలుగు ఇండ్లలోకి ఈ రూపంలోనే ప్రవేశించినవి.

ప్లేటు మీది గాడి గోడలలో ధ్వని అల ఆకారమే చెక్కబడి ఉంటుంది. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ప్లేటు చుట్లు స్థిరమైనను, ముల్లు క్రింద గాడి జారే వేగం స్థిరం కాదు. వెలుపలి అంచున అది సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు. లోపలి చివరకు వచ్చేసరికి 21 సెంటీమీటర్లు మాత్రమే. అనగా 10,000 హెర్ట్‌జుల స్వరంలోని ఒక్క అలకు మొదటి పాటలో మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు చోటు దొరికితే, చివరి పాటలో అందులో సగం కూడ దొరకదు. అందుచేత ఒక ప్రక్కన చివరి పాట మొదటి పాటంత స్పష్టంగా ఉండదు.

మరియొక విశేషం: మంద్రస్వరాలను యథాతథంగా చెక్కితే గాడి మరీ వెడల్పై ప్లేటు చాలదు. కావున చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని హెచ్చించి, వినేటప్పుడు దానికి విరుద్ధంగా సరిచేస్తారు. 1954 నుండి ఇందుకు ఒకే ప్రమాణం అమలులోనికి వచ్చినది. కనుక ఎల్.పి. "సహజమైన" ధ్వనిని అట్లే వినిపిస్తుందనుట సరికాదు. అదియు ఒక లెక్క ప్రకారం మార్చి, మరల మార్చిన ధ్వనియే. మంచి ఎల్.పి.లో రొదకూ పైహద్దుకూ నడుమ ఎడం 60 నుండి 70 డెసిబెల్‌లు, అనగా వేయి నుండి మూడువేల రెట్లు.

ఇక్కడ హాలిఫాక్స్ ప్రత్యేకతలు రెండు చెప్పవలెను. శీతకాలంలో హీటరు వేసిన ఇంటిలో గాలి బాగా ఎండిపోతుంది. ఉన్ని స్వెట్టరు విప్పినప్పుడు చిటపటలాడే స్థిరవిద్యుత్తే వినైల్ మీద కూడ చేరి ధూళిని ఆకర్షిస్తుంది. విజయవాడలో నిశ్శబ్దంగా పాడిన ప్లేటు ఇక్కడ జనవరిలో చిటపటలాడుటకు కారణం ఇదే.

రెండవది వింతైనది. ఒక మిత్రుడు స్వదేశం నుండి రికార్డు ప్లేయరును తెచ్చుకొన్నాడు. ఇక్కడి 120 వోల్టులను 220కి పెంచే ట్రాన్స్‌ఫార్మరు కూడ కొన్నాడు. తీరా ప్లేటు పెడితే ఘంటసాల కంఠం బాలుని కంఠంలా వినిపించినది! కారణమేమనగా, ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మారుస్తుంది గాని విద్యుత్తు పౌనఃపున్యాన్ని మార్చదు. భారతదేశంలో అది 50, కెనడాలో 60 హెర్ట్‌జులు. ఆ రకపు మోటారు విద్యుత్తు పౌనఃపున్యాన్ని బట్టి తిరుగుతుంది కనుక ప్లేటు నిమిషానికి 40 చుట్లు తిరిగినది. 60కి 50కి నిష్పత్తి ఆరుకు ఐదు. మన సంగీతంలో షడ్జమానికీ సాధారణ గాంధారానికీ ఉన్న నిష్పత్తి సరిగా అదే! పాటంతా షడ్జమాన్ని గాంధారానికి ఎత్తి పాడినట్లయినది. బ్యాటరీతో నడిచే టేప్ రికార్డర్లకు ఈ బాధ లేదు. వానికి వేరొక బాధ ఉన్నది. దానిని చివర చెప్తాను.

టేపు

ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడు పొడిని అంటించి, దానిని అయస్కాంతీకరించుట టేపు సూత్రం. జర్మనీలో 1935లో ప్రదర్శింపబడిన మాగ్నెటోఫోన్ యంత్రంతో ఇది వాడుకలోనికి వచ్చినది. స్టూడియోలలో టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు రెట్టింపు వేగంతో నడిచేది. 1950 తర్వాతి కొన్ని దశాబ్దాల సంగీతంలో అధికభాగం మొదట టేపు మీద పట్టినదే. అనగా మనం మెచ్చుకొనే ఎల్.పి.కి తల్లి టేపు.

1963లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన కాసెట్టు సంగతి వేరు. దాని టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపు. వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు, స్టూడియో వేగంలో ఎనిమిదో వంతు. 10,000 హెర్ట్‌జుల స్వరంలోని ఒక అలకు ఇందులో దొరికే చోటు తలవెంట్రుక మందంలో సుమారు పదిహేనో వంతు. చదివే హెడ్డు కొంచెం వంకరగా ఉన్నను, దాని మీద మురికి పట్టినను, తారస్వరాలే మొదట మాయమవుతవి. కాసెట్టు పాట "మూసుకుపోయినట్లు" ఉండుటకు ఇదే కారణం.

ఆక్సైడు రేణువులు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ఉండుట వలన టేపుకు ఎడతెగని హోరు ఉంటుంది. మామూలు కాసెట్టులో ఎడం 50 డెసిబెల్‌లకు అటుయిటుగా, అనగా మూడువందల రెట్లు మాత్రమే. డాల్బీ పద్ధతి ఈ హోరును కొంత అణచినది.

కాసెట్టుకు ఇంకొక బలహీనత, నకళ్ళు. ఒకరి కాసెట్టు నుండి ఒకరు, వారి నుండి మరియొకరు నకలు తీసుకొనుట మనందరికీ అనుభవమే. ప్రతి నకలులోను పాత హోరుకు క్రొత్త హోరు తోడవుతుంది. వేగదోషం మీద వేగదోషం చేరుతుంది. నాలుగవ నకలు చేరేసరికి తబలా ఉంటుంది గాని దాని పదును ఉండదు. ఇన్ని లోపాలున్నను, ప్లేటు చేయలేని పని కాసెట్టు చేసినది. ఇంట్లో ఎవరైనా ఒక మీట నొక్కి తమ గొంతును తామే పట్టుకొనగలిగినారు.

అంకెలు

డిజిటల్ పద్ధతిలో ధ్వని అలను చెక్కరు, అయస్కాంతంగా మార్చరు, కొలుస్తారు. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు విడుదల చేసిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 మార్లు అల ఎత్తును కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకటిగా వ్రాస్తారు.

"కొలతకూ కొలతకూ నడుమనున్న ధ్వని పోయినట్లే గదా?" అని చాలామంది శంకిస్తారు. చుక్కల ముగ్గును తలచుకొనండి. చుక్కలు పెట్టిన తర్వాత గీత ఎటు తిరగవలెనన్న నియమం తెలిసిన ఇల్లాలికి ముగ్గు ఒక్కటే వస్తుంది. చుక్కల నడుమ గీత పోయినదని ఆమె అనుకొనదు. ఇక్కడ నియమం ఏమనగా, కొలతల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్యాలను ముందే తొలగించవలెను. అట్లు చేసినచో ఆ చుక్కల గుండా పోగల అల ఒక్కటే ఉంటుంది. దీనికి మూలం నైక్విస్ట్ 1928లో ప్రకటించిన పరిశోధన; షానన్ 1949లో దీనిని గణితంతో నిరూపించినాడు. 44,100లో సగం 22,050. మన చెవి హద్దు 20,000. కనుక వినదగినదేదీ చుక్కల నడుమ జారిపోదు. సీడీ ప్లేయరు నుండి మెట్లుమెట్లుగా ఉన్న అల వస్తుందన్నది అపోహ; బయటికి వచ్చేది నున్నని అలయే.

ఎత్తును మెట్లలో సవరించి వ్రాయుట వలన చిన్న దోషం తప్పదు. గిద్దెతో కొలిస్తే గిద్దెలోపు తేడా ఉండునట్లే ఇదియును. అయితే ఇక్కడి గిద్దె మిక్కిలి చిన్నది. ఆ దోషానికీ, పైహద్దుకూ నడుమ ఎడం సుమారు 96 డెసిబెల్‌లు. వేగదోషం దాదాపు శూన్యం, ఎందుకనగా అంకెలను పలికించేది స్ఫటికపు గడియారం. డిస్కు మీద చిన్న గీతలు పడినను, ముందుగా చేర్చిన అదనపు అంకెల సాయంతో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర పోయిన సమాచారాన్ని యంత్రం తిరిగి లెక్కగట్టగలదు. అన్నిటికంటె ముఖ్యంగా, అంకెల నకలు మూలంతో సమానం. వందవ నకలు కూడ మొదటిదే.

ఎం.పి.3 మాత్రం వేరు. చెవి గమనించదని లెక్కవేసిన భాగాలను వదలివేసి, సెకనుకు 14 లక్షల బిట్లను 1,28,000కి, అనగా పదకొండో వంతుకు కుదించవచ్చును. వినుటకు ఇది చాలవచ్చును గాని, వదలినది తిరిగి రాదు. డిజిటల్ అంటే ఎం.పి.3 అని భావించి సీడీని నిందించుట న్యాయం కాదు.

మరి ఎల్.పి. ఎందుకు బాగుంటుంది?

కొలతలలో డిజిటల్‌దే పైచేయి. అయినను మన బాబాయిగారు చెప్పినది అబద్ధం కాదు. ఆయన వినినది నిజంగానే బాగుండియుండవచ్చును. కారణాలు వేరు.

ఒక పాట ఎల్.పి.గా ఒక కాలంలో, సీడీగా మరియొక కాలంలో వేర్వేరు వ్యక్తుల చేతిలో తయారవుతుంది. 1990 దశకం నుండి అనేక సీడీలలో పాట బిగ్గరగా వినిపించవలెనని చిన్న ధ్వనులను పెంచి, పెద్దవానిని నొక్కివేసినారు. 96 డెసిబెల్‌ల ఎడం చేతిలో ఉండియు, అందులో స్వల్పభాగమే వాడినారు. మృదంగపు దెబ్బకూ, వీణ మీటుకూ ఉండవలసిన తేడా అణగిపోయినది. ఇది అంకెల దోషం కాదు, మనుష్యుల దోషం. అట్లే అరిగిన ప్లేటు నుండి సీడీ చేస్తే, సీడీ ఆ అరుగుదలను కూడ నిజాయితీగా వినిపిస్తుంది.

మరియు రెంటినీ పోల్చేటప్పుడు ఒకదాని ధ్వని రవ్వంత హెచ్చుగా ఉన్నను అదే బాగున్నదని చెవి తీర్పు చెప్తుంది. కాబట్టి ధ్వని ఎత్తును సమంచేసి, ఏది పాడుతున్నదో శ్రోతకు తెలియకుండా పరీక్షించవలెను. నమ్మకం చెవిని ఎంత శాసిస్తుందో తెలుపుటకు ఒక ఉదాహరణ: అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థ ఎల్.పి.లను, అవి ఆసాంతం టేపు నుండి నేరుగా చేసినవన్న నమ్మకంతో రసికులు అధిక ధరకు కొనేవారు. కొన్నేళ్ళుగా ఆ తయారీలో నడుమ డిజిటల్ ప్రతిని వాడుతున్నట్లు 2022లో వెల్లడైనది. అంతవరకు వానిని మెచ్చుకొన్నవారు అందులోని అంకెలను చెవితో పట్టుకొనలేకపోయినారు.

ఈ గడ్డ చెప్పే పాఠం

మనం నివసించే నోవా స్కోషియాకు ఈ కథతో దగ్గరి సంబంధం ఉన్నది. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ కేప్ బ్రెటన్ ద్వీపంలోని బాడెక్‌లో స్థిరపడి, 1922లో అక్కడనే మరణించినాడు. ఆయనా, ఆయన సహచరులూ 1880 దశకంలో మైనం మీద ధ్వనిని చెక్కే ప్రయోగాలు చేసినారు. 1885 ఏప్రిల్ 15 తేదీ గల ఒక మైనపు పూత అట్టబిళ్ళ అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో నూరేండ్లకు పైగా మూగగా పడియున్నది. దానిని ముల్లుతో తాకితే చెడిపోవును. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారు కాంతితో ఆ గాళ్ళను చిత్రించి, కంప్యూటరులో లెక్కగట్టి, అందులో బెల్ తన గొంతును వినుమని పలికిన మాటను వినిపించినారు. 2013లో ప్రపంచం ఆ కంఠాన్ని విన్నది. మైనం దాచినది, అంకెలు విప్పినవి.

హాలిఫాక్స్ రేవుకు ఆవలి ఒడ్డున డార్ట్‌మత్‌లో 1899లో జన్మించిన హెలెన్ క్రైటన్ ఈ రాష్ట్రంలోని జాలరుల, రైతుల జానపద గేయాలను ఊరూరా తిరిగి సేకరించినది. 1943, 1944లలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇచ్చిన యంత్రంతో ప్లేట్ల మీద, తర్వాతి కాలంలో టేపు మీద ఆ పాటలను పట్టినది. ఆమె సేకరణ మన ఊరి నోవా స్కోషియా ఆర్కైవ్స్‌లో ఉన్నది. ఆ ప్లేట్ల నాణ్యతను నేటి ఫోను సులభంగా మించుతుంది. కాని ఆనాడు పట్టియుండకపోతే, ఎంత మంచి సాధనమున్నను నేడు వినుటకు ఏమీ ఉండెడిది కాదు.

మనం చేయవలసినది

ఘంటసాల గీత ఎక్కడైనా దొరుకుతుంది. మీ తాతగారు చదివిన పద్యం, అమ్మమ్మ పాడిన లాలిపాట మీ అట్టపెట్టెలో తప్ప మరెక్కడా లేవు. టేపు మీది పూత కాలంతో రాలుతుంది. వినిపించే యంత్రాలు కూడ అరుదవుతున్నవి. కనుక ఈ క్రింది జాగ్రత్తలు మనవి చేస్తున్నాను.

కాసెట్టు అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్కలను ముందుగా విరిచివేయండి. పొరపాటున చెరిపే ప్రమాదం తప్పుతుంది. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టక, తెలిసినవారికి చూపండి. హెడ్డును శుభ్రపరచి, తారస్వరాలు మిక్కిలి స్పష్టంగా వచ్చేవరకు దాని వాలును సరిచేయించండి. డాల్బీతో పట్టని కాసెట్టుకు డాల్బీ వాడకండి. నకలును 24 బిట్లలో, కుదింపు లేని వేవ్ రూపంలో గాని, నష్టంలేని ఫ్లాక్ రూపంలో గాని దాచండి. హోరు తొలగింపు, సవరణలు వేరొక ప్రతి మీదనే చేయండి. మొదటి ప్రతిని ముట్టవద్దు.

అంకెలకు ఒక దుర్గుణం కలదు. టేపు మెల్లగా క్షీణిస్తుంది. డిస్కు నిన్నటివరకు పాడి నేడు హఠాత్తుగా మూగబోతుంది. ఇంట్లో వ్రాసుకొన్న సీడీలు కూడ కొన్నేళ్ళకు చెడవచ్చును. కాబట్టి మూడు ప్రతులు ఉంచి, ఒకదానిని వేరొక ఊరిలోని బంధువుల వద్ద ఉంచండి. పాడినది ఎవరో, ఎప్పుడో, ఎక్కడో వ్రాసి పెట్టండి. నకలు తీసిన తర్వాత కూడ కాసెట్టును పారవేయకండి.

మా అమ్మ కాసెట్టుకు ఈ విధంగానే నకలు తీసినాను. కంప్యూటరులో కొలిచి చూడగా, రెండవ కీర్తన చివర ఆమె గొంతుతోపాటు శ్రుతిపెట్టె శ్రుతి కూడ పైకి పోతున్నది. శ్రుతిపెట్టె తనంతట తాను శ్రుతి పెంచుకొనదు గదా! రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు బలహీనపడి టేపు మెల్లగా నడిచినది. సరైన వేగంతో వినినప్పుడు అది వడిగా, సన్నగా వినిపించినది. శ్రుతిని మొదటినుండి చివరివరకు ఒకే స్థాయిలో నిలిపి, రెండవ ప్రతిలో వేగాన్ని సరిచేసినాను. వెనుక టేపు హోరూ, వంటింట్లో కుక్కరు కూతా అట్లే ఉంచినాను. ఇప్పుడు ఆ కీర్తన విలంబంగా, నిదానంగా ముగుస్తుంది. ఆమెకు ఏ తొందరా లేదు, బ్యాటరీలే తరిగినవి. ఆ సంగతి తెలియుటకు నాకు ఇన్నేళ్ళు పట్టినది.

ఈ శీతకాలం మంచు కురిసే ఒక ఆదివారం బేస్‌మెంటులోని అట్టపెట్టెను మీరూ పైకి తీసుకొనిరండి.